మెట్ల కింది సైలెన్సర్

తమ్ముడూ,

మధ్యాహ్నం కారు పరీక్షకి తెచ్చేముందు ఆ కొత్త సైలెన్సర్ విప్పించెయ్. పొగ తక్కువొస్తే పాసైపోతాననుకుంటున్నావు. మేం పొగ కొలిచేది తర్వాత. ముందు కారు పైకెత్తి కింద చూస్తాం. మార్చిన ప్రతి భాగం మీదా ఆమోదముద్ర ఉండాలి. నీ దాని మీద పడగెత్తిన పాము బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.

పాత సైలెన్సర్ మెట్ల కింద గోనెసంచిలో ఉంది. పొగని వడగట్టే డబ్బా కూడా దానికే ఉంది. పాత ఇనుముకి వేసేస్తానని నువ్వన్న రోజే తీసి దాచాను. వీధి చివర మెకానిక్‌కి చెప్పి ఉంచాను, పట్టుకెళితే బిగించేస్తాడు.

అక్క ఉందిలే, చూసీ చూడనట్టు వదిలేస్తుందనుకోకు. ఈ రోజు కారు కింద నిలబడి చూసేది అక్కే. తప్పుంటే ఫెయిలని రాసేస్తాను, నువ్వు నెల్లాళ్లు అలిగినా సరే.

అక్క

ఇంకో మాట. ఆ కొత్త సైలెన్సర్ మోతకి వీధంతా తిట్టుకున్నా, నువ్వు మలుపు తిరిగావని నాకు తెలిసేది దాంతోనే. అది వినే టీకి నీళ్లు పెట్టేదాన్ని. ఇకనుంచి చప్పుడు లేకుండా వస్తావు కదా, గుమ్మంలోంచే ఓసారి పిలువు.