రాయిని విడవని నాచు

శుక్రవారం, జనగామ

పొద్దున దేవుడి గూడు కడుగుతూ, రామేశ్వరం నుంచి తెచ్చిన సముద్రపు నాచును పొరపాటున బావినీళ్లలో ముంచాను. అట్టలా ఎండినది మెత్తగా విచ్చుకుంది. ఆనాడు మా ఆయన ఎంత లాగినా ఊడక, చివరికి రాతిముక్కతో సహా వచ్చింది. "ఇడుస్తలేదు, అచ్చం నీ లెక్కనే" అని నవ్వారు. ఆయన పోయి, ఆ నవ్వు విని పదేళ్లయింది.

"దానికి వేర్లుండవమ్మా. రాయిని పట్టుకుంటది. అలొస్తే వంగుతది, గందుకే తెగదు," అంది సరళ. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో కాలేజీ మూసినప్పటి నుంచి బిడ్డ ఇంట్లోనే ఉంది.

సాయంత్రం మా ఆయన అన్న, బావగారు వచ్చారు. "ఇగ పిల్ల చదువు బంద్ చెయ్యి. కుట్టుమిషిని నేర్పియ్యి."

ఎప్పటిలాగే తల వంచాను. "అట్లనే బావా. కాలేజీ తెరిచెదాక నేర్చుకుంటది. తెరిచిననాడు మల్ల పోతది."

బావగారు కండువా దులుపుకుని వెళ్లిపోయారు. నాచును మళ్లీ గూట్లోనే ఆరబెట్టాను. స్వామీ, కాలేజీ తెరిచేదాకా నా పట్టు సడలనివ్వకు.