మురళి జీపుకు ఏ ఆయిలు

అక్టోబరు 9

మళ్ళీ అదే మూలుగు. మరదలు సుధ జీపును మన సందులోకి తిప్పుతోంటే బండ్ల ఆయిలు కొట్లో గల్లా దగ్గర కూర్చున్న నాకు వినబడింది. ఊఁ... అని, దీర్ఘంగా, ఎవరో గొంతులోంచి అన్నట్టు. తిన్నగా వస్తున్నంతసేపూ ఏమీ లేదు. మలుపులోనే.

తమ్ముడు మురళి అట్లాగే మూలిగేవాడు. ఆ పాత జీపుకు స్టీరింగు బరువు. తిప్పినప్పుడల్లా బియ్యం మూట ఎత్తుతున్నట్టు ఊఁ అనేవాడు. "జీపుకు కాదు మురళీ, నీకు పొయ్యాల ఆయిలు" అనేదాన్ని. నవ్వేవాడు.

ఆషాఢంలో పోయాడు. గుండె. నిద్రలోనే.

అక్టోబరు 10

సుధను అడిగాను — బండిలో ఏమన్నా శబ్దం వస్తోందా అని. దోసె తిరగేస్తోంది. తల ఎత్తలేదు.

"వస్తా ఉండాది వదినా. రానీ."

రానీ అంటే?

అక్టోబరు 12

మైలాపూరులో పని ఉందని అబద్ధం చెప్పి సుధ పక్కన ఎక్కాను. ఆమె బడి అక్కడే. రోజూ మా పేట చూలై నుంచి ఆ జీపులోనే పోయి వస్తోంది. వాడు పోయాక వేరే బండి ముట్టలేదు.

మొదటి మలుపు. ఊఁ... నా సీటు కింద నుంచి, వెన్నులోకి. సుధ ముఖం చూశాను. నవ్వుతోంది! పెళ్ళైన కొత్తలో నవ్వినట్టు.

"విన్నావా వదినా?"

"విన్నా."

"ఆయనే."

ఆయిలు కొట్టులో పుట్టి పెరిగినదాన్ని. దయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చీర కొంగు కప్పుకున్నాను, ఆమె చూడకుండా.

అక్టోబరు 13

ఎప్పటి నుంచి? — రోజంతా ఇదే ఆలోచన. ఆయుధపూజ మర్నాటి నుంచి. అంతకు ముందు లేదు.

ఈ ఏడు మనకు పండగ లేదు. గంధం లేదు, గుమ్మడికాయ కొట్టలేదు. కానీ నాన్న ఒక్కటి మాత్రం మానలేదు. ఆ రోజు కొత్త పీపా తెరిస్తే మొదటి కొలత మన బండ్లకే పొయ్యాలి, తర్వాతే బేరం. తాత నాటి నుంచీ అంతే. టెంపోకు పోశాడు, స్కూటరుకు పోశాడు. జీపుకు?

అడిగాను.

"పొయ్యకుండా ఉంటానా అమ్మణ్ణీ? వెనకాల ఇరుసు హౌసింగు విప్పించి, ఉన్నది తీసేసి, నా చేత్తో పోసినా. లోపలిది చెడిపోయుండె. ఏందో చేపల కంపు. వాడు ఏం పోసినాడో ఏమో. మన పీపాలోని మంచి నైంటీ గేరాయిలు పోసినా." ఎంత తృప్తిగా చెప్పాడో.

అప్పుడు అర్థమైంది. ఆ కంపే అసలు సంగతి!

మురళి కొండల్లో తిరగడానికని వెనక ఇరుసులో లిమిటెడ్ స్లిప్ అని ఒకటి వేయించాడు. ఒక చక్రం బురదలో ఉత్తగా తిరుగుతుంటే రెండోది నిలబడిపోకుండా, మధ్యలో ప్లేట్లు రెంటినీ పట్టి లాగిస్తాయట. ఒక రోజు భోజనంలో అప్పడాలు పేర్చి మరీ చెప్పాడు, మా అందరి సాంబారూ చల్లారిపోయింది. ఆ ప్లేట్లకు ఉత్త నైంటీ పనికిరాదు. పట్టును మెత్తబరిచే మందు కలిసిన ఆయిలు కావాలి. ఆ మందుదే ఆ వాసన. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాలి; మందు లేకపోతే అప్పుడు ప్లేట్లు పట్టుకుంటాయి, వదుల్తాయి, మళ్ళీ పట్టుకుంటాయి.

అదే మూలుగు. వాడు కాదు, వాడి గొంతూ కాదు. హమ్మయ్య అనుకోవాలి కదా. అనుకోలేకపోయాను.

అక్టోబరు 16

వాన. సుధ తడిసి ముద్దై వచ్చింది. వంతెన దిగే మలుపులో జీపు వెనకభాగం పక్కకు జారిందట. ఎదురుగా బస్సు. కొంచెంలో తప్పింది.

"ఎవరో ఎనక నుంచి తోసినట్టు ఉండె వదినా." మళ్ళీ అదే నవ్వు. "ఆట పట్టిస్తా ఉండారు."

"వాడు చచ్చిపోయినాడే, సుధా!"

తుడుచుకుంటున్న తువ్వాలు అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. నా నోరు పడిపోనూ.

అక్టోబరు 17

అరలో మూడు రకాలున్నాయి. నూట నలభై — చిక్కన. లారీలకు. పోస్తే మూలుగు కాస్త అణుగుతుందేమో, రోగం పోదు. లేదంటే ఉత్త నైంటీలో మందు సీసా విడిగా కలపడం... ఎంత? ఎక్కువైతే ప్లేట్లకు పట్టే ఉండదు, వాడు అంత ఖర్చు పెట్టి వేయించింది దండగ. మూడోది మందు ముందే కలిపిన డబ్బా. పైన ఎల్ఎస్ అని ఉంటుంది. చూలైలో ఎవరూ అడగరు. మురళి కోసమే తెప్పించాం, ఇది ఆఖరుది. దుమ్ము పట్టి ఉంది.

మూత తీసి, ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాను, ఏ ఆయిలైనా చూసినట్టే.

వాడి చొక్కా. ఆదివారం సాయంత్రాలు కొండల నుంచి వచ్చి దండెం మీద వేసే చొక్కా.

పనివాళ్ళ ముందు ఏడవకూడదని గోడౌనులోకి పోయి ఏడ్చాను.

అక్టోబరు 18

సుధకు అంతా చెప్పాను. ప్లేట్లు, మందు, నాన్న పోసింది. వింది. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, అర్థం కాకపోవడమేంటి?

"మార్చొద్దు వదినా."

"ఇట్లే తిప్పితే ప్లేట్లు కాలిపోతాయి. వానలో మళ్ళీ జారితే?"

"నాకు అదొక్కటే మిగిలుండాది."

అంతలో వాకిట్లో నాన్న. ఎప్పటి నుంచి నిలబడ్డాడో.

"నేను పోసినదాని వల్లనా జారింది?" అన్నాడు. లోపలికి వచ్చి — "కొడుకు పోయినాడు. కోడలు గూడా పోతే ఓర్చుకోలేనమ్మా. నేను పోసింది నేనే తీస్తా."

సుధ తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఏడవలేదు.

అక్టోబరు 20

మార్చాం. మెకానిక్కు సెల్వం బోల్టు విప్పాడు, నాన్న కింద కూర్చుని కారే ఆయిలుకు పళ్ళెం పట్టుకున్నాడు, ఎవరు చెప్పినా లేవలేదు. కొత్తది రంధ్రం అంచు దాకా పోశాం.

ఆయిలు ప్లేట్ల మధ్యకు ఎక్కాలంటే బండిని మెల్లగా ఎనిమిది అంకెలా తిప్పాలి. లారీలు ఆపే ఖాళీ మైదానంలో సెల్వం తిప్పాడు. పక్కన నేను. మొదట గట్టిగానే మూలిగింది. తర్వాత కొంచెం. తర్వాత గొంతు సవరించుకున్నట్టు. తర్వాత లేదు.

"సౌండ్ పోచ్చు అక్కా, పోయింది!"

ఇంకో చుట్టు తిప్పమన్నాను. ఇంకొకటి. సెల్వం నా వైపు అదోలా చూశాడు.

అక్టోబరు 22

సుధ బడికి పోయి వచ్చింది. తాళంచెవి గల్లా మీద పెట్టింది.

"ఇప్పుడు ఉత్త జీపు వదినా."

రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆషాఢం తర్వాత ఇదే మొదలు.

అక్టోబరు 25

"అమ్మేద్దాం వదినా. నాకు స్కూటీ చాలు."

నాన్న సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. అనకపోతే ఏమని చెప్పను?

అక్టోబరు 27

మధ్యాహ్నం బేరం లేనప్పుడు షెడ్డులో జీపులో కూర్చుంటున్నాను. ఊరికే. స్టీరింగు తిప్పుతాను. ఏమీ లేదు. సందు మొగలో ఏ బండి తిరిగినా తల ఎత్తుతున్నాను.

ఆమెను వదిలి నన్ను పట్టుకున్నాడు.

అక్టోబరు 29

కొనేవాళ్ళు వచ్చారు. గుంటూరు కుర్ర జంట, కంప్యూటర్ ఉద్యోగాలు. చంటిబిడ్డ. జీపులో కొండలకు పోవాలని సరదా.

"ఆయిల్స్ అన్నీ కరెక్ట్‌గా ఉన్నాయాండీ?" అడిగింది ఆ అమ్మాయి.

"వెనకాల ఎల్ఎస్ పోసుండామమ్మా. వేరేది పొయ్యొద్దు, వానలో జారుతుంది." నేనే చెప్పాను. బిడ్డ నా వేలు పట్టుకుంది.

ఆదివారం తీసుకుపోతారు.

అక్టోబరు 31

నాన్న పడుకున్నాడు. సుధ బడిలో. పీపా కుళాయి కింద కొలత పెట్టి నైంటీ పట్టాను. షెడ్డులోకి తెచ్చాను. సెల్వంకు ఫోను చేసింది నేనే.

సందులో ఒక్క మలుపు. అంతే. విని, తీసేసి... తీసేసి ఏం పోస్తాను? ఎల్ఎస్ ఇంకో డబ్బా లేదు, ఆదివారం లోపల రాదు. మందు సీసా ఎంత కలపాలో తెలీదు. ఇప్పుడు పళ్ళెంలోకి తీసే ఎల్ఎస్‌నే మళ్ళీ పోస్తానా? ఉత్త నైంటీ తాగిన ప్లేట్ల మీదా? కొట్టుకు వచ్చిన వాళ్ళెవరన్నా అట్లా చేస్తానంటే తిట్టి పంపేదాన్ని.

తెలుసు. అన్నీ తెలుసు. ఒక్కసారి వినాలని ఉంది మురళీ.

సెల్వం స్పానరు పట్టుకుని జీపు కింద పడుకున్నాడు. నేను పీట మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

"విప్పేదా అక్కా?" అంటున్నాడు. రెండోసారి అడుగుతున్నాడు.