అందని పెట్టె

అక్కా,

పిల్లల హక్కుల కార్యక్రమానికి ప్రణాళిక వేసివ్వడానికి మా హాస్టల్‌కి ఒక కన్సల్టెంటుని తీసుకుంటున్నామని చెప్పాను కదా. మొన్న ఇంటర్వ్యూలు అయ్యాయి. మొదటి ఇద్దరూ తెర మీద బొమ్మలు చూపిస్తూ గంటేసి సేపు ఊదరగొట్టారు. మూడో ఆవిడకి నీ వయసుంటుంది. "ముందు హాస్టల్ చూస్తానండీ" అంది.

చూడటమంటే ఏం చేసిందనుకున్నావు? వరండాలో పిల్లలంత ఎత్తుకి మోకాళ్ళ మీద నిలబడి, అలాగే నడుచుకుంటూ పోయింది. నాకు నవ్వొచ్చింది. ఫిర్యాదుల పెట్టె దగ్గర ఆగి చెయ్యి చాపింది. అందలేదు.

పిల్లలు పాడుచేస్తారని దాన్ని అంత ఎత్తున బిగించింది నేనే. ఆరేళ్ళుగా అది ఖాళీగా ఉంటే, మా పిల్లలకు ఏ లోటూ లేదని ఏటా రిపోర్టు రాసిందీ వార్డెన్‌గా నేనే. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మోకాళ్ళు దులుపుకుని, "స్క్రూడ్రైవర్ ఉందా అండీ?" అంది. నేనే వెళ్ళి తెచ్చిచ్చాను. ఆవిణ్ణే తీసుకున్నాం.

పెట్టె కిందికి దించిన మర్నాడు తెరిస్తే ఒక చీటీ ఉంది. పెన్సిల్ రాత. "వార్డెన్ సార్ బూట్ల చప్పుడు వింటే నాకు కడుపులో నొప్పొస్తుంది."

చించెయ్యబోయి ఆగాను. తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

చిన్నప్పుడు నాన్న బూట్ల చప్పుడుకి నీకూ అలాగే నొప్పొచ్చేది కదక్కా. అజీర్ణమని మందు తాగించేవాళ్ళు.

ఇవాళ ఒట్టి కాళ్ళతో డ్యూటీకి వెళ్ళాను.

నీ తమ్ముడు