రవళీ, పట్టా చేతికొచ్చింది

రవళీ,

ఇయ్యాల కార్ల్స్‌రూహె యూనివర్సిటీల నా ఇంజనీరింగ్ పట్టా తీసుకున్న. కౌంటర్‌ల ఉన్నామె కాగితాలు చూసి, "వేరే కాలేజీ నుంచి మారి వచ్చి కూడా టైముకు పూర్తి చేసినవా! చాలా తక్కువ మంది చేస్తరు" అని జర్మన్‌ల మెచ్చుకున్నది. థ్యాంక్స్ చెప్పి బయటికొచ్చి ట్రామ్ స్టాప్‌ల కూసున్న. రెండు ట్రాములు పోయినా లేవలేకపోయిన.

మనిద్దరం ఆ చిన్న ఊరి కాలేజీ నుంచి ఇక్కడికి మారినప్పుడు అక్కడ పాసైన సబ్జెక్టుల్ల సగం ఇక్కడోళ్లు లెక్కలకు తీసుకోలేదు. ఏడాది ఎక్కువ పడుతదని అందరూ అన్నరు. నువ్వే వంటింట్ల కూసొని, ఏ సెమిస్టర్‌ల ఏ పరీక్ష రాయాల్నో ఇద్దరికీ రాసినవ్. "ఇద్దరం ఒక్కనాడే పట్టా తీసుకోవాలె" అన్నవ్.

తర్వాత జ్వరం ముదిరి ఆస్పత్రిల పడ్డవ్. బుధవారం ఫోన్ చేసి, "ఒక్కసారి వచ్చిపోవే, భయమైతుంది" అన్నవ్.

"రేపు థర్మోడైనమిక్స్ పరీక్ష ఉందే. రాసి సీదా నీ దగ్గరికే వస్తా."

"సరే తియ్. మంచిగ రాయి."

పరీక్ష రాసి, బ్యాగు భుజానేసుకొనే ఆస్పత్రికి వచ్చిన. నువ్వు పొద్దున్నే పోయినవని నర్సు చెప్పింది.

ఆఖరిదాకా నీ పక్కనే ఉన్ననని మీ అమ్మ అనుకుంటది. ఫోన్ చేసినప్పుడల్లా నన్ను దీవిస్తది. కాదని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ పరీక్షల మంచి మార్కులే వచ్చినయి. అప్పుడు రాయకున్నా ఆర్నెల్లకు మళ్ల రాయొచ్చు. నువ్వు ఫోన్ చేసినప్పుడు కూడా నాకు ఆ సంగతి తెలుసు.