పిడికిలి బిగించిన ఫొటో

అక్కయ్యా, పేపర్లో నా ఫొటో చూసి కంగారుపడకు, నిక్షేపంలా ఉన్నాను.

ఇక్కడి కాలేజీలో ఫీజులు పెంచారని సమ్మె. గేటు దగ్గర పిల్లలు అరిచే నినాదాలు కుంటుతుంటే కవి చెవి ఊరుకుంటుందా? పాఠం ఆపి, కిందికి దిగివెళ్ళి, పిడికిలితో గాల్లో దరువేస్తూ లయ నేర్పాను. సరిగ్గా అప్పుడే ఫొటో తీశారు. ప్రిన్సిపాల్ పిలిచి, "వీళ్ళ నాయకుడు మీరేనా?" అన్నాడు. "నేను పాఠమే చెప్పానండీ, సమ్మె వాళ్ళది" అన్నాను. ఉద్యోగం ఊడింది. "నీ కాలు ఒకచోట నిలవదురా" అంటావుగా, మళ్ళీ సంచీ సర్దాను. ఈలోగా పిల్లలు నన్ను వెనక్కి తీసుకోవాలని ఇంకో డిమాండు కలిపారు. మిగతావాటికి ఖర్చవుతుందని కాబోలు, ఆయన ముందు దీనికే ఒప్పుకున్నాడు! నిన్న చేరాను. ఫీజుల గొడవ ఇంకా తేలలేదు, నినాదాలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

బావగారి మోకాలినొప్పి తగ్గిందా? మేనకోడలు ఇంకా గోడలమీదే రాస్తోందా? కొట్టకు, మేనమామ పోలిక. ఎన్ని ఊళ్ళు మారినా ఏనాడూ అడగలేదు గానీ, అటకమీదున్న నా ట్రంకుపెట్టె ఈసారి పంపించెయ్యి.

బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

మాజీ దేశదిమ్మరి,
నీ తమ్ముడు