సెలీనా చెవిలో నూనె పొయ్యొద్దు

సెలీనా నాయనా,

నైట్ షిఫ్టు నిద్ర లేస్తానే ఇది చదవండి. నేను ఊరిగాంలో కుట్టుపనికి పోతా ఉండాను. పాప బడి నుంచి వచ్చినాక అన్నం పెట్టి, కిటికీలో ఉండే సిరప్ ఒక చెంచా తాగించండి. అత్త వెల్లుల్లి వేసి కాంచిన నూనె తెస్తాది. చెవిలో పొయ్యనీయొద్దు. నిన్న పాపని చూసిన డాక్టరు వద్దంటే వద్దన్నాడు. నేను చెప్తే ఎదురు మాట్లాడినానంటాది, మీ అమ్మకి మీరే చెప్పండి.

జలుబు ముదిరి చెవి పొర వెనకాల నీళ్ళు నిలిచినాయంట. పాపకి చానా దినాలుగా సరిగ్గా వినపడడం లేదంట. "ఇంట్లో ఒకరూ కనిపెట్టలేదా అమ్మా?" అని అడిగినాడు. ఏం చెప్పేది? గనిలో డ్రిల్లు పట్టి పట్టి మీకు చెవులు పోయినాయి. మీకు వినపడాలని ఇంట్లో అందరం అరుస్తాం. ఆ అరుపు పాపకీ వినపడింది, అందుకే మనకి తెలీలేదు. బడిలో ఎవరు అరుస్తారు? పిలిస్తే పలకదని టీచరు చెప్పి పంపితే, "పొగరు" అని మీరే తిట్టినారు కదా! మీ చెవులు చూపించుకోండని మొత్తుకుంటే, "మైనింగోళ్ళకి ఇది మామూలే" అంటారు. ఇంగ ఆ మాట నా ముందర అనొద్దు.

జెసింతా

మరిచినాను. సిరప్ తాగనంటే అరవద్దండి. ఎదురుగా కూర్చొని, మొగం దగ్గర మొగం పెట్టి మెల్లగా చెప్పండి. పొద్దున నేనట్లా చెప్తే, "నా మీద కోపం పోయిందా అమ్మా?" అని అడిగింది.