మూటతో బయల్దేరిన యోసేపు

ఎమ్మిగనూరు, డిసెంబరు 26

నాయనా ప్రభుదాసూ, ఇక్కడ అందరం బాగున్నాం. మీరు గుంటూరుకు మిరప కోతకు పోయినప్పటి నుంచి నీ ఫోను పలకడం లేదు, అందుకే ఈ కార్డు. క్రిస్మస్‌కు వస్తామన్నారు, రాలేదు. నిన్న మధ్యాహ్నం చర్చిలో నాటకానికి నీ పిల్లలిద్దరినీ నేనే తీసుకుపోయాను. యోసేపు, మరియ మూట నెత్తిన పెట్టుకుని ఊరు విడిచి బయల్దేరగానే మన కెజియా లేచి నిలబడి, "అవ్వా, వీళ్లు పిల్లోళ్లని యాడ ఇడ్సిపెట్టినారు?" అని గట్టిగా అడిగింది. అందరూ నవ్వారు. నేను దాని చేతిలో బొరుగులు పెట్టి కూర్చోబెట్టాను.

కోడలు అరుణ చేతుల మంట తగ్గిందా? కొబ్బరినూనె రాసుకోమను. ఈసారి వచ్చే రోజు ముందే చెప్పొద్దు, బస్సెక్కినాక ఎవరి ఫోనైనా అడిగి చెప్పు. కెజియా తన గౌన్లు మూటగట్టి గడప దగ్గర పెట్టుకుంది, నన్ను విప్పనివ్వడం లేదు.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. పిల్లల్ని చూడటానికి నేనున్నాను కదా.

మీ అమ్మ, లింగమ్మ